ఆదివారం వరకే

జూన్ 26, గురువారం

ఆషాఢం వచ్చింది. పెళ్లిళ్లు లేని నెల. ధర్మవరంలో పట్టుచీరల కొట్లన్నీ తగ్గింపు బోర్డులు కట్టుకున్నాయి, మాది తప్ప. నాయన కట్టనివ్వడు. "మనది ఒకే మాట కొట్టు" అంటాడు. సరే, కొట్టు ఆయనది, వెబ్‌సైట్ నాది. చిలకల అంచు చీర మీద పద్నాలుగు వేలు అన్న అంకెను అడ్డంగా కొట్టేసి, పక్కన ఎర్రగా పదకొండు వేలు అని పెట్టాను. కింద 'ఆదివారం వరకే' అని రాశాను.

ఈ డైరీ జనవరిలో పట్టుదారం కంపెనీవాళ్లు ఇచ్చింది. ఇన్నాళ్లూ ఖాళీగా పడి ఉంది. అమ్మ పోయినప్పటి నుంచి నా భార్య అర్చన అన్నీ అడుగుతోంది. తిన్నారా, నిద్ర పట్టిందా, ఏం ఆలోచిస్తున్నారు. ఈ డైరీకి ఆ అలవాటు లేదు.

అమ్మ ఏప్రిల్‌లో పోయింది. నాకు ఏడుపు రాలేదు. రాలేదన్న బెంగ కూడా రాలేదు.

జూన్ 29, ఆదివారం

నాలుగు చీరలు అమ్ముడుపోయాయి. వచ్చే ఆదివారం దాకా పొడిగించాను. అంతే, ఆ తర్వాత పొడిగించను.

జులై 2, బుధవారం

భోజనాల దగ్గర అర్చన మొదలుపెట్టింది. "సేల్ సేల్ అని ఎందుకండీ ఈ తిప్పలు? చీర పదకొండు వేలకే పోతాంది. అదే రేటు ఎప్పటికీ పెట్టేస్తే పోలేదా? చూసేవాళ్లకు నమ్మకమన్నా ఉంటాది."

నాయన తలెత్తకుండా అన్నం కలుపుతున్నాడు. "పెట్టమ్మా. పెట్టి, తిప్పన్న కూలి ఎంతో నువ్వే పోయి చెప్పిరా" అన్నాడు.

మా ఇంట్లో కూలి ధర వెంట నడుస్తుంది. తాత పెట్టిన పద్ధతి. చీర ధర పెరిగితే నేసేవాడి కూలి పెరగాలి, దిగితే దిగాలి. పండగ తగ్గింపు మాత్రం కూలిని తాకదు, ఆ నష్టం మాది. చిలకల అంచు నేసేది మా మగ్గాల్లో తిప్పన్న ఒక్కడే. అతని పక్కింటి ఓబిలేషు, కూలి దిగిందని పోయినేడు మగ్గం విప్పి కట్టెలకింద అమ్మేసి, బెంగళూరులో ఏదో అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. తిప్పన్న కూలి దింపితే రెండో కుర్చీ అతనిది. తిప్పన్న లేకపోతే చిలకలు లేవు. చిలకలు లేకపోతే వెబ్‌సైట్‌లో పెట్టుకోవడానికి మా మొహాలే మిగులుతాయి.

కాబట్టి సేలే మంచిది. ధర దిగినట్టూ ఉంటుంది, దిగనట్టూ ఉంటుంది. నేను పొడిగించేది తిప్పన్న కోసమే. ఇలా రాసుకున్నాక తేలిగ్గా ఉంది.

జులై 4, శుక్రవారం

కొట్టు వాట్సాప్‌కు ఎవరో కొత్త మనిషి రాశారు. పేరు లేదు. ఫోటో చోట గులాబీ పువ్వు. తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో. చిలకల అంచు, ఎర్ర చీర బొమ్మ పంపి, "ఇది ఎంతన్నా?" అని.

పదకొండు వేలు అని రాశాను.

"ఇది ఎప్పుడూ ఉండే రేటేనా, ఆదివారం వరకేనా?"

ఆదివారం వరకే అని రాశాను. మళ్లీ జవాబు లేదు.

జులై 6, ఆదివారం

పొడిగించాను.

జులై 11, శుక్రవారం

కొట్టుకు ముదిగుబ్బ వైపు నుంచి ఒక్క బేరమూ రాలేదు. వాన లేదు, శనక్కాయ విత్తనం పడలేదు. విత్తనం పడనిదే ఆ వైపు వాళ్లు చీరల కొట్టు మెట్లెక్కరు. మబ్బు వస్తుంది, గాలి వస్తుంది, మబ్బును గాలి తీసుకుపోతుంది. నాయన గద్దె మీద కూర్చొని వీధిని చూస్తున్నాడు. నేను ఫోన్‌ను చూస్తున్నాను. ఇద్దరికీ కనబడింది ఒకటే.

గులాబీ పువ్వు మళ్లీ అడిగింది. "సేల్ అయిపోతే మళ్లీ పద్నాలుగు అవుతాదా అన్నా? వచ్చే నెల కూడా సేల్ ఉంటాదా?"

చెప్పలేం అన్నాను. నిజమే, చెప్పలేను.

జులై 13, ఆదివారం

పొడిగించాను. ఇదే ఆఖరు.

జులై 17, గురువారం

తిప్పన్న వచ్చాడు. నాయన కొట్టులో లేడు. "ఏమప్పా, బాగుండావా" అన్నాడు. బాగున్నానన్నాను. నేసిన చీర ఇచ్చాడు. చిలకలు ఎదురెదురుగా ముక్కులు కలుపుకొని చక్కగా ఉన్నాయి. అంచు మీద పక్షుల్ని అట్లా ఎదురెదురుగా నిలబెట్టడం కష్టమని, అందరి చేతా కాదని అమ్మ చెప్పేది.

పసుపు పూసిన పెళ్లికార్డు ఒకటి కూడా ఇచ్చాడు. దాన్ని అమ్మ ఫోటో వెనక పెట్టాను. ఎప్పుడో, ఎవరిదో చూడలేదు. ఏటి మైలలో ఉన్నాం, ఏడాది దాకా మేం ఏ శుభకార్యానికీ పోకూడదు. చూసి చేసేదేముంది?

కూలి తీసుకున్నాక కూడా అతను నిలబడే ఉన్నాడు. "ఇంకేమన్నా ఉందా తిప్పన్నా?" అంటే, "ఏం లేదప్పా" అన్నాడు. చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది.

జులై 20, ఆదివారం

పొడిగించాను.

జులై 22, మంగళవారం

శ్రీరంగప్ప పని మొదలుపెట్టాడు. మార్కెట్‌లో మూడు కొట్ల అవతల ఉంటాడు, అమ్మ తరఫు చుట్టం కూడా. మా చిలకల అంచునే పవర్‌లూమ్‌లో కొట్టించి నాలుగున్నర వేలకు అమ్ముతున్నాడు. అర్చన ఒకటి తెప్పించింది. చిలకలన్నీ ఒకే వైపు చూస్తున్నాయి, బస్సు కోసం నిలబడ్డట్టు. మరమగ్గానికి ఎదురెదురు నేయడం రాదో, శ్రీరంగప్పకు అక్కర్లేదో.

"ముట్టుకుంటే తెలిసిపోతాది" అంది అర్చన.

"ఆన్‌లైన్‌లో ఎవరు ముట్టుకుంటారు?" అన్నాను.

ఆమె ఆ చీర మడిచి అటక మీద పెట్టింది. కాసేపటికి, "సేల్ పెట్టి నెలవుతోంది. ఇది సేల్ కాదు, రేటే. మీకూ తెలుసు" అంది. నాకు తెలుసో లేదో నాకు తెలియదు. పెరుగన్నం తిని లేచాను.

జులై 25, శుక్రవారం

శ్రావణం. పెళ్లిళ్లు మొదలు. వెబ్‌సైట్‌లో ఆషాఢం సేల్ అన్నది తీసేసి శ్రావణం సేల్ అని పెట్టాను. ధర అదే. ఆదివారం వరకే.

జులై 28, సోమవారం

గులాబీ పువ్వు: "అన్నా, ఆ ఎర్ర చీర ఉండాదా? ఎన్ని ఉండాయి?"

ఎన్నున్నాయని కొనే మనిషి అడగడు. కొనే మనిషి రంగు వెలిసిపోతుందా అని అడుగుతాడు, జాకెట్టు గుడ్డ ఉందా అని అడుగుతాడు. ధర ఎన్నాళ్లుంటుంది, సరుకు ఎంతుంది అని అడిగేది ఇంకో వ్యాపారి. ఇన్ని వారాలు నాకు ఎందుకు తట్టలేదో. నేను పదకొండు పెట్టిన నెలలోపే శ్రీరంగప్ప నాలుగున్నరతో దిగాడు. అతని కొట్టులో పనిచేసే ఆడపిల్లలెవరో అయ్యుంటారు.

చాలా ఉన్నాయి అని రాశాను. ఉన్నది రెండే.

ఆగస్టు 1, శుక్రవారం

ఈ రోజు ఒక పని చేశాను.

పొద్దున గులాబీ పువ్వు రాసింది: "పదివేలకు వస్తాదా అన్నా? పదికైతే ఇప్పుడే దుడ్లు పంపుతా. శానా దినాల నుంచి చూస్తాండా."

చూస్తున్నావని నాకూ తెలుసులే అనుకున్నాను. పదివేలకు ఇస్తే రేపు శ్రీరంగప్ప ఊరంతా చాటింపు వేస్తాడు, సెట్టి కొడుకు పదివేలకు దిగాడని. మార్కెట్‌లో చీర పదివేలదైపోతుంది. నాయన చెప్పినట్టే తిప్పన్న కూలి దిగుతుంది. తిప్పన్న బెంగళూరు బస్సెక్కుతాడు.

"మీ సెట్టికి చెప్పండి, వచ్చి నన్నే అడగమని" అని రాశాను.

"ఏ సెట్టి అన్నా?" అని వచ్చింది.

ఆ అమాయకత్వానికి ఒళ్లు మండింది. నంబర్ బ్లాక్ చేశాను. అప్పుడే వెబ్‌సైట్‌లో సేల్ తీసేసి పద్నాలుగు వేలు పెట్టేశాను. చూసుకోండి అనుకున్నాను.

మధ్యాహ్నం ఆకలేసింది. ఏప్రిల్ తర్వాత మొదటిసారి మారు అన్నం అడిగాను. అర్చన ఆశ్చర్యంగా చూసి, సంతోషపడి, పప్పు వేసింది. తిప్పన్నను కాపాడానన్న తృప్తి ఉంది. ఉందనుకుంటాను.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. మా ఇంట్లో లేదు. ఊరంతా చీరలు కొనే వారంలో పద్నాలుగు వేలకు ఒక్కటీ పోలేదు.

ఆగస్టు 10, ఆదివారం

మళ్లీ పదకొండు పెట్టాను. వచ్చే ఆదివారం వరకే.

ఆగస్టు 13, బుధవారం

వెనక వీధిలో మేళం. తిప్పన్న కూతురు సువర్ణ పెళ్లట. సోమందేపల్లె దగ్గర ఏదో గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది ఆ పిల్ల. పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కుతుండగా చూసేవాణ్ని. అర్చన కిటికీ దగ్గర నిలబడి కాసేపు విని, తలుపు వేసింది. నేను రెండు పార్శిళ్లు కట్టాను.

ఆగస్టు 16, శనివారం

రాయాలి.

సాయంత్రం తిప్పన్న భార్య ఆంజినమ్మ వచ్చింది. గిన్నెలో పెళ్లి పిండివంట, ఓళిగలు తెచ్చింది. "మీరు రాకూడదు గదా, అందుకే తెస్తి" అంది. నాయన ఇంటి ముందరి కొట్టులో గద్దె మీద ఉన్నాడు. అర్చన లోపలికి రమ్మంది. ఆంజినమ్మ అమ్మ ఫోటోకు దండం పెట్టి, చాప మీద కూర్చొని, ఫోన్‌లో పెళ్లి ఫోటోలు చూపించింది.

తలంబ్రాల ఫోటో. సువర్ణ ఎర్ర చీరలో ఉంది. అర్చన ఫోన్ దగ్గరికి తీసుకుని చూసి, నావైపు చూసింది. నేనూ చూశాను. అంచు మీద చిలకలన్నీ ఒకే వైపు చూస్తున్నాయి.

తిప్పన్న కూతురు. తిప్పన్న నేసే చీరకు శ్రీరంగప్ప కొట్టిన నకలు.

"ఇది యాడ తీస్తిరి ఆంజినమ్మా?" అని అర్చన అడిగింది.

"శ్రీరంగప్ప కొట్లోనే. ఏమి చేయల్లమ్మా. నాయన నేసిన చీరే కట్టుకుంటానని దాని పంతం. ఫ్యాక్టరీలో దాచుకున్న దుడ్లు పెట్టుకోని, వాళ్ల నాయనకు కూడా చెప్పకుండా, మీ ఫోనుకే మాటిమాటికీ రాసేది. ఇంగో వెయ్యి కూడినాక కొంటానమ్మా అనేది. రేటు ఎన్నాళ్లుంటాదో తెలిస్తే దానికి తగ్గట్టు కూడబెట్టుకుంటాననేది. ఆదివారం వరకే అంటిరంట. వారం వారం అట్లే పెడ్తా ఉంటిరంట. ఆఖరికి పదివేలు అయినాక అడిగితే, మీ సెట్టికి చెప్పుపో అంటివంట. మా సెట్టంటే మీరే గదప్పా. దానికి అర్థమే కాలేదు."

కోపంగా అనలేదు. చుక్కలు లెక్క తప్పిన ముగ్గు గురించి చెప్పినట్టు చెప్పింది. అందుకే వినడం కష్టమైంది.

"గులాబీ పువ్వు" అన్నాను.

"ఆ, దాని ఫోన్లో అదే ఉంటాది. ఫోటో పెడితే ఎవరెవరో చూస్తారని." ఓళిగల గిన్నె అర్చన వైపు జరిపింది. "అమ్మగారు ఉన్నింటే అడిగే పనే లేదు లేమ్మా. పోయింది మహాతల్లి." కళ్లు తుడుచుకుని లేచి వెళ్లిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రావడానికి ఇన్ని నెలలు పట్టింది. మా మగ్గం మీద నేసే ఇంట్లో ఆడపిల్ల పెళ్లి కుదిరితే, ఆ ఇంటి మగ్గం మీద దిగిన చీర అమ్మ పళ్లెంలో పెట్టుకొని స్వయంగా పోయి ఇచ్చేది. దానికి ధర అనే మాటే లేదు. ఎవరూ అడగరు, అమ్మే కనుక్కుని పోయేది. తిప్పన్న చెప్పులు వేసుకోవడానికి ఎందుకు ఆలస్యం చేశాడో తెలిసింది.

నాయన దగ్గరికి పోయాను. "తిప్పన్న కూతురికి చీర ఇయ్యల్లని నీకు గుర్తులేదా?"

"ఉండాది."

"మరి?"

"మైల ఇంట్లోనుంచి శుభానికి చీర పోకూడదు. అందుకే ఊరుకుంటి."

"ఆ మాటన్నా తిప్పన్నకు చెప్పొచ్చు గదా నాయనా."

ఆయన వీధిలోకే చూస్తూ అన్నాడు. "ఏమని చెప్పేది? ఇచ్చే మనిషి లేదనా? ఆ మాట నా నోట్లోనుంచి రాలేదు భరతా."

మా ఇద్దరికీ రాలేదు. ఆయన గద్దె మీద కూర్చున్నాడు, నేను సేల్ పొడిగించాను. తిప్పన్న కోసమని రాసుకున్నాను, పై పేజీల్లో ఉంది. ఏదో ఒక ధర చెప్పి దాని మీద నిలబడే ఓపిక లేక పొడిగించాను. అంతకంటే ఏం లేదు.

ఆగస్టు 17, ఆదివారం

పొద్దున అర్చన ఎర్ర చీర తీసి తెల్లకాగితంలో చుట్టి ఇచ్చింది. వెనక వీధికి పోయాను. లోపల మగ్గం ఆడుతోంది. సువర్ణ పుట్టింటికి వచ్చి ఉంది. మెడలో కొత్త పసుపుతాడు. నన్ను చూసి లేచి నిలబడింది.

"లోపలికి రాన్నా."

"వద్దులేమ్మా, మైల. ఈడే నిలబడతా." గడప బయట నుంచే చీర చాపాను. "ఇది నీదే. ముందే రావల్సింది. తెలీక నిన్ను ఏమేమో అంటి. తప్పు నాది."

ఆ పిల్ల చీరను చూసింది కానీ చేయి చాపలేదు. "మైల ఇంట్లోనుంచి ఊరికే తీసుకోకూడదంటన్నా. కొంటే మైల లేదంట, మా అవ్వ చెప్పింది. అందుకే గదా నీ ఫోనుకు అన్ని తూర్లు రాస్తి." తర్వాత మామూలుగా, కొట్టుకు వచ్చిన మనిషిలాగా అడిగింది. "ఎంత?"

పద్నాలుగు వేలు, కొట్టేసింది. పదకొండు వేలు, ఎర్రగా ఉన్నది. రూపాయి అనొచ్చు, అది కొనడం కాదని ఆ పిల్లకు తెలిసిపోతుంది. మొహం మొహం చూసుకుని ధర చెప్పడం ఇంత కష్టమని నాకు తెలియదు. నాయన నలభై ఏళ్లుగా ఆ పనే చేస్తున్నాడు.

"పదివేలు" అన్నాను.

ఆ పిల్ల నన్ను చూసింది. ఎగతాళి చేసి ఉంటే బాగుండేది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"ఇది ఎప్పుడూ ఉండే రేటేనా అన్నా, ఆదివారం వరకేనా?"

మగ్గం ఆగింది.

"ఎప్పుడూ ఉండేదే" అన్నాను.

"కూలో?" లోపలి నుంచి తిప్పన్న గొంతు.

"కూలి పాతదే తిప్పన్నా. దిగేది మా లాభం."

"సెట్టి ఒప్పుకున్యాడా?"

"ఇంకా చెప్పలేదు. ఇప్పుడు పోయి చెప్తా."

తిప్పన్న నమ్మాడో లేదో నాలుగు వారాల్లో తేలుతుంది, కొత్త పడుగు తీసుకోవడానికి వస్తే. సువర్ణ లోపలికి పోయి చదివింపుల్లో వచ్చిన నోట్లు తెచ్చింది, కొన్నిటికి కుంకుమ అంటి ఉంది. లెక్కపెట్టి నా చేతిలో పెట్టి, అప్పుడు చీర తీసుకుంది. కాగితం విప్పి అంచు మీద వేలు పెట్టి చూసుకుంది. తలెత్తకుండానే, "మా నాయన చిలకలు" అంది.

ఇంటికి వచ్చి నాయనకు చెప్పాను. ధర పదివేలు, ఇంక కొట్టివేతలు లేవు, తిప్పన్న కూలి దిగదు.

"ధర దిగితే కూలి దిగల్ల, తాత పెట్టిన పద్ధతి అది" అన్నాడు. "మనకేం మిగలదు."

"మిగలదు."

"ఇంగోసారి మార్చవు గదా?"

"మార్చను."

"సరే. ఒకే మాట అయితే చాలు" అని మళ్లీ వీధిలోకి తిరిగాడు.

వెబ్‌సైట్‌లో మార్చాను. పద్నాలుగు, పదకొండు, రెండూ తీసేశాను. ఆ పిల్లకు చెప్పింది అబద్ధం కాకుండా ఉండాలంటే అన్నిటికంటే ముందు అదే చేయాలి. కింద 'ఆదివారం వరకే' అన్నది చెరిపేశాను. గులాబీ పువ్వును బ్లాక్‌లోంచి తీశాను.

నోట్లు అమ్మ ఫోటో ముందు పెట్టబోతే వెనకున్న కార్డు చేతికి తగిలింది. తీసి చూశాను. చిరంజీవి సౌభాగ్యవతి సువర్ణ. ఆగస్టు పదమూడు. పైన తిప్పన్న పెన్నుతో రాసి ఉంది, కన్యకమ్మ గారి ఇంటికి అని. నాయన పేరు కాదు, నా పేరు కాదు, అమ్మ పేరు. అమ్మ పోయిందని అతనికి తెలుసు, పాడె మోసిన నలుగురిలో అతనూ ఒకడు. అయినా అట్లాగే రాశాడు.

అప్పుడొచ్చింది ఏడుపు. ఏప్రిల్‌లో రావాల్సింది. గోడకు ఆనుకుని నేలమీద కూర్చుండిపోయాను. అర్చన వచ్చి పక్కన కూర్చుంది. ఏమీ అడగలేదు.